తేలికపాటి బూట్లూ, టెన్నిస్ ఆటా

మన ఇళ్ళల్లోకి టెన్నిస్ బూట్లు వచ్చినంత తొందరగా టెన్నిస్ ఆట రాలేదు. రాకెట్ పట్టుకోవటం ఎలాగో ఎరగని పిల్లలు కూడా డ్రిల్లు రోజున తెల్ల కాన్వాసు బూట్లు తొడుక్కుని బడికి పోవలసిందే. ముందు రోజు సాయంత్రం వాటిని తడిపి, సుద్ద పూసి, పిట్టగోడ మీద ఆరబెట్టటం ఒక పెద్ద కార్యక్రమం. బాటా కంపెనీ వారు ఆ బూట్లను 1936లో మన దేశంలోనే, బడిపిల్లల వ్యాయామం కోసమని తయారుచేసి, పేరు మాత్రం “టెన్నిస్” అని పెట్టారు. పైన గుడ్డ, కింద రబ్బరు, నడుమ పేరుకొక పల్చటి మెత్త. అంతే ఆ బూటు.

ఇవాళ దుకాణాల్లో ఎనిమిది వేలూ పది వేలూ పలుకుతున్న “తేలికపాటి” టెన్నిస్ బూటును చేతిలోకి తీసుకుంటే నాకు మొదట జ్ఞాపకం వచ్చేది ఆ సుద్ద బూటే. ఎందుకంటే తేలికదనం ఈ మధ్య ఎవరో కనిపెట్టిన వింత కాదు. 1934, 1935, 1936 సంవత్సరాల్లో వరసగా మూడుసార్లు వింబుల్డన్ గెలిచిన ఫ్రెడ్ పెర్రీ ఆడింది గుడ్డ బూట్లతోనే. ఆస్ట్రేలియాలో ఆడ్రియన్ క్విస్ట్ అనే ఆటగాడి సలహా మీద డన్‌లప్ కంపెనీ 1939లో తెచ్చిన “వాలీ” బూట్లూ గుడ్డవే. బరువు తరవాత వచ్చి చేరింది. 1960ల్లో అడిడాస్ వారు రాబర్ట్ హేలే అనే ఫ్రెంచి ఆటగాడి పేరుతో తోలు బూటు తయారుచేశారు. దానికే తరవాత 1972 వింబుల్డన్ విజేత స్టాన్ స్మిత్ పేరు పెట్టారు. గుడ్డ కన్నా తోలు పాదాన్ని గట్టిగా పట్టి వుంచింది. ఆపైన మడమకు గట్టి కప్పు, వేళ్ళ దగ్గర రబ్బరు కవచం, అరికాలి వంపు కింద ప్లాస్టిక్ బద్ద, దళసరి అట్ట, ఇలా ఒకటొకటే వచ్చి చేరి, టెన్నిస్ బూటు ఒక చిన్న కోట అయి కూచున్నది. 2000లో వచ్చిన అడిడాస్ బారికేడ్ పేరే చూడండి! అట్ట ఆరు నెలల్లోపల అరిగితే మాది పూచీ అని దాన్ని అమ్మారు. ఇప్పుడు మళ్ళీ గాలి అటు తిరిగి, బూటు పెట్టె మీద బరువు అచ్చువేసి మరీ అమ్ముతున్నారు.

ఈ పురాణమంతా తిరగవెయ్యటానికి కారణం మా అన్నయ్య కూతురు. పదిహేనేళ్ళ పిల్ల. బెజవాడలో పొద్దున్నే అయిదున్నరకి కోర్టుకు పోతుంది. జిల్లా పోటీలు దాటి రాష్ట్ర పోటీల దాకా వచ్చింది. కిందటి ఏడు ఓ పోటీలో కుడికాలు మడతపడి చీలమండ బెణికి ఆరు వారాలు ఆట మానుకున్నది. ఈ వేసవిలో కొత్త బూట్లు కొనాలనేసరికి ఇంట్లో మూడు పార్టీలు లేచాయి. పిల్లకి తేలికవి కావాలి. మా అన్నయ్యకి మన్నేవి కావాలి. మా వదినకి ఏదైనా సరే, మళ్ళీ కాలు మడతపడకుండా వుండేవి కావాలి. “నువ్వు చెబితే నాన్న వింటారు, బాబాయ్” అని పిల్ల నన్ను పట్టుకున్నది. నలభై ఏళ్ళుగా ఉదయం పూట డబుల్స్ ఆడుతున్నవాణ్ణి కాబట్టి తీర్పు చెప్పే బాధ్యత నా మీద పడింది. వెంటనే చెప్పకుండా వారం రోజులు వాయిదా అడిగాను.

వాయిదాలో మొదటి పని, వదిన మిఠాయి పాళ్ళు తూచుకునే కాటా అడిగి పుచ్చుకోవటం. బూట్లు పెడతానంటే ఆవిడ ఒప్పుకోలేదు. కాగితం పరిచి ఒప్పించవలసి వచ్చింది. దుకాణం వారు మార్చుకోవచ్చునన్న షరతు మీద ఇచ్చిన తేలిక జత తెచ్చాం. కోచ్ గారి దగ్గర శిక్షణ పొందే ఇంకో అమ్మాయి దగ్గర అదే కొలతలో గట్టిరకం జత అరువు తెచ్చాం. గట్టి బూటు ఒక్కొక్కటి 334 గ్రాములు తూగింది. తేలికది 276 గ్రాములు. తేడా 58 గ్రాములు. టెన్నిస్ బంతి 56 గ్రాములకు తగ్గకుండా, 59.4 గ్రాములకు మించకుండా వుండాలని నిబంధన. అంటే మా ఇంట్లో జరుగుతున్న తగాదా అంతా కాలికి ఒక్క బంతి ఎత్తు బరువు గురించి! పనిలో పని అని పిల్ల రోజూ పరుగుకు తొడుక్కునే బూటు కూడా తూచాం. అది 212 గ్రాములే. టెన్నిస్ బూట్లన్నిటికన్నా తేలికైనది అసలు టెన్నిస్ బూటే కాదన్నమాట. దీని సంగతి తరవాత చెబుతాను.

దుకాణంలో కుర్రవాడు చెప్పిన లెక్క ఇది: “ఒక్క మ్యాచిలో మూడు వేల అడుగులు వేస్తారనుకోండి సార్, అడుగుకు 58 గ్రాములు, మొత్తం 174 కిలోలు మిగిలినట్టే కదా!” గుణకారంలో తప్పులేదు. కాని ఆ లెక్కనే పట్టుకుంటే పొద్దున్న జడలో పూలు పెట్టుకోకపోవటం వల్ల కూడా క్వింటాళ్ళు మిగులుతాయి. నిజం లెక్క వేరే వుంది. కాలి చివర కట్టిన బరువు వీపు మీది బరువులాంటిది కాదు. ప్రతి అడుగుకూ దాన్ని వెనక్కూ ముందుకూ ఊపాలి. గడియారం లోలకం చివర మైనపు ముద్ద అంటించినట్టు. నడిచే మనుషుల మీద పరీక్షించి, వీపు మీది కిలోకు పడే శ్రమ కన్నా పాదాల మీది కిలోకు సుమారు నాలుగు నుంచి ఆరు రెట్లు ఎక్కువ శ్రమ పడుతుందని 1969లోనే తేల్చారు. ఆ లెక్కన రెండు బూట్లకూ కలిపి 116 గ్రాములు తగ్గటమంటే వీపు మీంచి అర కిలో నుంచి ముప్పాతిక కిలో లోపు దింపినట్టు. ఇది తీసిపారేసే సంగతి కాదు. నలభై అయిదు కిలోల పిల్లకు మరీ కాదు.

పరుగు పందాల వారిని తీసుకుని 2016లో అమెరికాలో ఇంకో పరీక్ష చేశారు. వారి బూట్లలో రహస్యంగా సీసపు గుళ్ళు చేర్చి మూడు కిలోమీటర్లు పరుగెత్తించారు. ఒక్కో బూటుకు 100 గ్రాములు పెరిగితే పట్టిన కాలం నూటికి 0.78 వంతు పెరిగింది. మన 58 గ్రాములకు అది నూటికి అర వంతు లోపు. కాని ఇది తిన్నగా, ఆగకుండా సాగే పరుగు లెక్క. టెన్నిస్‌లో తిన్నని పరుగెక్కడిది? సింగిల్స్ కోర్టు వెడల్పు 27 అడుగులు. బంతికీ బంతికీ మధ్య ఆటగాడు వెళ్ళే దూరం సగటున మూడు మీటర్ల చిల్లర. నాలుగు అంగలు వేసి ఆగాలి, కొట్టాలి, వెనక్కి తిరగాలి. ఆటంతా బయలుదేరటమూ ఆగటమూ గాని పరిగెత్తటం కాదు. బయలుదేరటంలో తేలిక బూటు కొంత సాయం చేస్తుంది. ఆగటంలో బరువు కన్నా పట్టే ముఖ్యం.

ఇక్కడ కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయం వారు 2016లో ప్రకటించిన పరీక్ష ఒకటి చెప్పక తప్పదు. అది బాస్కెట్‌బాల్ బూట్ల మీద చేసినదే గాని, ఆ ఆటలోనూ మన ఆటలాగే ఆగటాలూ మలుపులే ఎక్కువ. తేలిక బూటు 350 గ్రాములు, బరువైనది దాదాపు 640 గ్రాములు. మధ్యరకం మరొకటి. ఆటగాళ్ళను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఏ బూటు ఎంత బరువో చెప్పారు. రెండో జట్టుకు చెప్పకుండా దాచారు. బరువు తెలిసిన జట్టువారు తేలిక బూట్లతో నూటికి రెండు వంతులు ఎక్కువ ఎత్తు ఎగిరారు. పక్కవాటు కదలికల్లోనూ అంతే చురుకు చూపించారు. తెలియని జట్టులో ఏ బూటుకూ తేడా లేదు! దాదాపు 300 గ్రాముల తేడానే కాళ్ళు గుర్తుపట్టలేదంటే, మన 58 గ్రాముల మాట చెప్పాలా?

ఈ సంగతి మా పిల్లకి చెబితే, “అయితే తెలిసే ఆడతాను బాబాయ్, రెండు వంతులు ఊరికే వస్తాయిగా” అన్నది. కొట్టిపారేసే మాట కాదని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఆటలో ధైర్యం కూడా ఒక పనిముట్టే.

అయినా పరీక్ష పరీక్షే. కోచ్ గారు “స్పైడర్” అనే కసరత్తు పెట్టారు. సాలీడు కాళ్ళలాగా అయిదు దిక్కులకు పరిగెత్తటం. బేస్‌లైను మధ్య గుర్తు దగ్గర నిలబడాలి. సింగిల్స్ కోర్టు వెనక మూలలు రెండింటి దగ్గరా, సర్వీసు లైను రెండు కొసలా, దాని నట్టనడుమా ఒక్కో బంతి వుంటుంది. ఒక్కొక్క బంతినే తెచ్చి గుర్తు దగ్గర పెట్టి మళ్ళీ పోవాలి. దూరాలు చూస్తే ముచ్చటేసింది. వెనక మూలకు పదమూడున్నర అడుగులు, నడుమకు పద్ధెనిమిది, సర్వీసు లైను కొసకు ఇరవై రెండున్నర. బళ్ళో లెక్కల మాస్టారు చెప్పిన మూడు, నాలుగు, అయిదు త్రిభుజమే! రాకపోకలు అన్నీ కలిపితే సరిగ్గా 180 అడుగులు. తొమ్మిది మలుపులు. బూటు సత్తా తేలటానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

గట్టి బూట్లతో మూడుసార్లు పరిగెత్తింది. 18.4, 18.1, 18.6 సెకన్లు. గంట విశ్రాంతి ఇచ్చి, తేలిక బూట్లతో మూడుసార్లు. 18.2, 18.5, 18.0. పిల్ల “చూశారా!” అన్నది. కోచ్ గారు నోటుబుక్కు మూసి నవ్వారు. ఒకే బూటుతో పరిగెత్తిన పరుగుల్లోనే అర సెకను తేడా వుంటే, రెండు బూట్ల మధ్య వచ్చిన పదో వంతు సెకనుకు అర్థం ఏమిటి? అది బూటు తేడా కావచ్చు, ఆయన బొటనవేలు గడియారం నొక్కటంలో తేడా కావచ్చు.

కాని ఆయన కళ్ళు గడియారం మీద లేని సమయంలో ఇంకొకటి చూశాయి. కుడివైపు మూల దగ్గర పిల్ల కాలు పెట్టి ఆగి తిరిగేటప్పుడు, తేలిక బూటులో పాదం బయటి అంచు అట్ట మీద నుంచి కాస్త బయటికి జారుతున్నది. పైన వున్న పల్చటి జాలీగుడ్డ వుబ్బి, చిటికెన వేలు అట్ట దాటి కనపడుతున్నది. గట్టి బూటులో అలా జరగలేదు. తేలిక బూటుకు బరువు ఎక్కడ తగ్గిస్తారో ఆలోచిస్తే ఇది సహజమే. బూటు మొత్తం మీద అడుగు రబ్బరు బరువైనది. అది పల్చబడుతుంది. పక్కలకు వున్న దన్ను గుడ్డగా మారుతుంది. అరికాలి బద్ద చిన్నదవుతుంది, లేదా మాయమవుతుంది. బూటు నేల మీద ఆగినా, పాదం బూటులో ఆగకపోతే ఆ ఆగటం సగమే. ఆ సగంలోనే చీలమండ బెణుకుతుంది. కోచ్ గారు లేసులు విప్పి, చీలమండ పక్కన అందరూ వదిలేసే ఆఖరి బెజ్జం లోంచి కూడా దూర్చి, మడమను వెనక్కి నెట్టి బిగించి కట్టించారు. జారటం చాలా వరకు తగ్గింది. పూర్తిగా పోలేదు.

తేలిక బూటు తరఫున కూడా ఒక మాట చెప్పాలి. దానిలో మెత్త పల్చగా వుండటం వల్ల పాదం నేలకు దగ్గరగా వుంటుంది. పీట మీద నిలబడిన మనిషి కన్నా నేల మీద నిలబడినవాడు ఒరిగిపడే ప్రమాదం తక్కువ గదా! పరుగు బూటు కథ దీనికి సరిగ్గా తలకిందులు. దాని మెత్త ఎత్తుగా, దూదిలాగా వుంటుంది. ముందుకు పోవటానికి భేషుగ్గా వుంటుంది గాని, పక్కకు ఆగమంటే ఒక పక్కకు కుంగిపోతుంది. కోచ్ గారు వాటితో స్పైడర్ పరిగెత్తటానికి ససేమిరా ఒప్పుకోలేదు. నా డబుల్స్ జతగాడు ఒకాయన, రిటైరయిన ఇంజనీరు, “ఇవి ఇంకా తేలిక” అని పరుగు బూట్లతో కోర్టులోకి వచ్చేవాడు. ఓ రోజు లాబ్ కోసం పక్కవాటుగా వెనక్కి వెళుతూ కూలబడ్డాడు. రెండు నెలలు చేతికర్రతో నడిచాడు. కాబట్టి పాఠకుల్లో ఎవరైనా పిల్లల్ని టెన్నిస్‌లో చేరుస్తూ, ఇంట్లో వున్న జాగింగు బూట్లు చాలునని అనుకుంటుంటే దయచేసి అనుకోకండి. ఈ వ్యాసంలో నేను ఘంటాపథంగా చెప్పే మాట ఇదొక్కటే.

ఇక నేల సంగతి. వింబుల్డన్‌లో పచ్చిక మెత్తన. అక్కడి బూటు అడుగున చిన్న చిన్న బొడిపెలు వుంటాయి. తేలిక బూటు అక్కడ దొరబాబులాగా బతుకుతుంది. ఫ్రెంచి పోటీల ఎర్రమట్టి మీద జారుతూ ఆగాలి. చేపముల్లులాంటి గాట్లు అట్ట నిండా వుంటేనే మట్టి పట్టుకుని, మళ్ళీ వదులుతుంది. మన దక్షిణాదిలో పేడ అలికిన కోర్టులు చాలాకాలం వున్నాయి. 2015లో మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్ డబుల్స్ గెలిచిన మన హైదరాబాదు అమ్మాయి సానియా మీర్జా తాను ఆట మొదలుపెట్టింది అలాంటి కోర్టుల మీదేనని చాలాసార్లు చెప్పింది. ఆ నేల పాదానికీ దయగలదే, బూటుకూ దయగలదే. ఇప్పుడు మన ఊళ్ళల్లో ఎక్కువగా వున్నవి సిమెంటు కోర్టులు, వాటి మీద రంగు పూసిన సింథటిక్ కోర్టులు. సిమెంటు కోర్టంటే కొబ్బరి కోరాము లాంటిది. బూటు అడుగు దాని మీద రోజుకు రెండు గంటలు రాపాడుతుంది. పైగా సర్వీసు చేసేటప్పుడు వెనక కాలి బొటనవేలు నేల మీద ఈడ్చుకుపోవటం చాలామందికి అలవాటు. మా పిల్లకీ వుంది. తేలిక బూటులో ముందు అరిగేది అక్కడే. పెద్ద ఆటగాళ్ళకు ఈ బాధ లేదు. కంపెనీల వారే కొత్త జతలు పంపుతుంటారు. బూటు మన్నిక గురించి వాళ్ళ ఫోటో చూసి నిర్ణయించుకోవటం, సినిమాతార చీర చూసి ఉతుకుడుకు ఆగుతుందని అనుకోవటం లాంటిది.

ఎండ సంగతి చెప్పనే లేదు. మే నెలలో బెజవాడ సిమెంటు కోర్టు ఎలా వుంటుందో వేరే వర్ణించనక్కరలేదు. తేలిక బూటు జాలీ లోంచి గాలి ఆడుతుంది, చెమట ఆరుతుంది. ఇది దాని గొప్ప సుగుణం. గట్టి బూటు గంట ఆట అయ్యాక తూస్తే మేజోడుతో సహా 20 గ్రాములు పెరిగింది. తేలికది 11 గ్రాములే పెరిగింది. మూడో సెట్టులో కాళ్ళు పీకుతున్నప్పుడు ఆ తేడా పిల్లకి నిజంగానే తెలుస్తుందని నా నమ్మకం. అయితే అదే జాలీ లోంచి వేడీ వస్తుంది, పల్చటి అట్ట లోంచి నేల సెగా వస్తుంది. మధ్యాహ్నం మ్యాచిలో రెండు జతల మేజోళ్ళు తొడుక్కుంటానని పిల్ల తనే అన్నది. ఆ రెండో జతతో తేలిక కొంత హరించుకుపోతుందని నేను అనలేదు. అంటే ఏడుస్తుంది.

వారం గడువు అయింది. అన్నయ్య, వదిన, పిల్ల, ముగ్గురూ భోజనాల దగ్గర కూచున్నారు. నేను చెప్పింది ఇది: రోజూ సాధనకు గట్టి జతే తొడగాలి. ఏడాదిలో ఆట అంతా సాధనలోనే వుంది, అట్ట అరిగేదీ కాలు అలసిపోయి మడతపడేదీ కూడా అక్కడే. తేలిక జత పోటీలకు మాత్రమే, అదీ సింథటిక్ కోర్టు అయితేనే, ఆఖరి బెజ్జం దాకా లేసు కడితేనే. కొత్త జత పోటీ నాడు మొదటిసారి తొడగకూడదు. వారం ముందు నుంచీ రోజుకో అరగంట అలవాటు చెయ్యాలి. “రెండు జతలా!” అన్నాడు అన్నయ్య. రెండు జతలు మార్చి మార్చి వాడితే రెండూ ఎక్కువ కాలం వస్తాయని చెప్పాను. “ఫిజియోథెరపీకి అయిన ఖర్చుతో మూడు జతలు వచ్చేవి” అని వదిన పప్పు వడ్డిస్తూ అన్నది. దాంతో చర్చ ముగిసింది.

తేలిక జత అయిదు పోటీలు ఆడింది. మడమల దగ్గర చేపముల్లు గాట్లు ఇంకా కనపడుతూనే వున్నాయి. కుడి బూటు వేళ్ళ దగ్గర మాత్రం రబ్బరు అరిగి లోపలి నురగ పొర తెల్లగా బయటపడింది. గవర్నరుపేటలో చెట్టు కింద కూచుని చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి పట్టుకుపోయాను. ఆయన బూటును అటూ ఇటూ తిప్పి, “కొత్తదేనండీ, ఒక్కచోటే తినేసింది” అని, పాత టైరు రబ్బరు లోంచి అర్ధచంద్రాకారంలో ముక్క కోసి, గరుకు కాగితంతో రుద్ది, జిగురు పెట్టి, అరగంట రాయి కింద వుంచి ఇచ్చాడు. యాభై రూపాయలు తీసుకున్నాడు. ఇంటికి వచ్చి కాటా మీద పెడితే 14 గ్రాములు పెరిగింది. ఆ బూటుతోనే పిల్ల కిందటి ఆదివారం మ్యాచి ఆడింది. బరువు సంగతి తనకి నేనింకా చెప్పలేదు.